తిరుపతిలో భోజనమెక్కడ?

తిరుపతి యాత్ర చేసి వచ్చినవారిని "దర్శనము చక్కగా జరిగినదా?" యని యడుగుట మన యిండ్లలో వాడుక. "తలనీలాలిచ్చితిరా? లడ్డూ తెచ్చితిరా?" యను ప్రశ్నలు దాని వెంబడి వచ్చును. "భోజనమెక్కడ చేసితిరి?" యని యడుగువారు మాత్రము అరుదు. పురుషులకిది స్వల్పవిషయముగా తోచవచ్చును. కాని సంవత్సరము పొడవునను పొయ్యి ముందర నిలిచి, అందఱికిని వడ్డించి, కడపట గిన్నె యడుగున మిగిలినదేదో తిని లేచు ఇల్లాలికి, మఱియొకరు వండి వడ్డింపగా కూర్చుండి తినుట యనునది యాత్రలో చిన్న భాగము కాదు. అందుచే ఈ నెల మేము దర్శనపు వరుసల సంగతి ప్రక్కన బెట్టి, తిరుపతిలోను చిత్తూరు దిక్కునను తినుటకు మాకు నచ్చిన చోట్లను గూర్చి వ్రాయుచున్నాము. నచ్చుటకు రుచి యొక్కటియే కారణము కాదు. ఆడుది అక్కడ సంకోచము లేక కూర్చుండగలదా, ఆ సీమవారు తమ యింట తిను తిండి అక్కడ దొరకునా యను రెండు ప్రశ్నలును మా మనస్సులో నుండినవి.

వెనుకటి సంగతి కొంచెము చెప్పవలెను. 1944వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన మొదటి కనుమదారి తెఱవబడువఱకు కొండకు మోటారు పోవు మార్గము లేదు. అలిపిరి నుండి మూడువేల యైదువందలకు పైబడిన మెట్లు నడచియో, డోలీలో గూర్చుండియో పోవలసినదే. యాత్రకు నాలుగు దినములు ముందే యింటి యాడువారు చక్కిలములు, అరిసెలు చేసి డబ్బాల కెత్తుదురు. బయలుదేరు నాటి వేకువను పులిహోరయు పెరుగన్నమును కలిపి మూట గట్టుదురు. కొండపై సత్రము చేరిన తరువాత మూడు ఱాళ్లు పేర్చి మరల పొయ్యి రాజేయుదురు. అనగా యాత్రలో వంట తప్పినది కాదు. వంటయిల్లు మాత్రమే మారినది. మా ముత్తవలనాటి వారికి తిరుపతి యనగా పొగ, తడిసిన కట్టెలు, పిల్లల యేడుపులు కూడ జ్ఞాపకము వచ్చెడివి.

హోటలు మాట యేమన్న, గౌరవముగల కుటుంబములోని స్త్రీలు హోటలు మెట్లెక్కుట ఆ దినములలో తప్పుగా నెంచబడెను. ఎక్కిన పక్షమున 'ఫ్యామిలీ రూము' అను తెర వేసిన చిన్న గదిలో, ఉక్కపోతలో, పంకా లేక కూర్చుండవలసినదే. కులమును బట్టి వేఱువేఱు పంక్తులును మదరాసు రాజధాని హోటళ్లలో నుండెడివి. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగము తన పదునైదవ అధికరణమున, హోటళ్లలోను భోజనశాలలలోను కులమును బట్టిగాని, స్త్రీపురుషభేదమును బట్టిగాని ఎవరినిని అడ్డగింపరాదని శాసించినది. ఆ వాక్యమును చదువునపుడు న్యాయస్థానములకంటె ముందుగా మాకు ఆ తెరలే తలంపునకు వచ్చును.

ఇక కొండమీదికి పోదము. తిరుమలలో మాకు మిక్కిలి నచ్చిన భోజనస్థలము, వెల యేమియు లేనిది. అది మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనము. 1985 ఏప్రిల్ 6న అప్పటి ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావుగారు నిత్యాన్నదానమును ప్రారంభించినపుడు దినమునకు రెండువేల మందికి భోజనము పెట్టుట లక్ష్యము. 2011లో తెఱవబడిన నేటి భవనమున నాలుగు విశాలమైన శాలలు కలవు. ఒక్కొక్క దానియందు వేయిమంది చొప్పున ఒకే పర్యాయము నాలుగువేలమంది కూర్చుందురు. అన్నము, కూర, పచ్చడి, సాంబారు, చారు, మజ్జిగ, చక్కెర పొంగలి వడ్డింతురు. 2025 మార్చి నుండి వడయు చేరినది. సాంబారు మన యింటి పప్పుపులుసువలె నుండదు, కొంత పలుచన. కాని వేడి వేడిగా వచ్చును, ఎన్ని మాఱులైన అడుగవచ్చును.

మేము కూర్చున్న బల్లకు ఎదుట ఒక ముసలమ్మ తన కోడలితో, మనుమలతో కూర్చుండెను. వడ్డించు సేవకురాలు, ఆమె మాటను బట్టి అనంతపురము దిక్కుదై యుండవచ్చును, "ఇంకా రొంత పెట్టుకోమ్మా" యని రెండవ మాఱు అన్నము వడ్డించెను. ముసలమ్మ అలవాటు చొప్పున "ముందు పిల్లోనికి పెట్టు తల్లీ" యనెను. "వానికీ పెడతా, నీకూ పెడతా. శానా ఉండాది" యని ఆమె నవ్వినది. ఈ సేవకులందఱు కూలి పుచ్చుకొనువారు కారు. 2000వ సంవత్సరమున ఆరంభమైన శ్రీవారి సేవకు దూరప్రాంతముల నుండి వచ్చి కొన్ని దినములుండి పోవువారు. అందు స్త్రీలు పెక్కుమంది. ఇంటియందు వడ్డించి వడ్డించి అలసినవారే ఇక్కడకు వచ్చి మరల వడ్డించుట మాకు కొంత వింతగనే తోచినది. అడుగగా ఒకామె, "ఇంట్లో పెట్టేది వేఱు, ఇక్కడ పెట్టేది వేఱమ్మా. ఇక్కడ ఎవరూ ఉప్పు తక్కువైందని అనరు" అనెను.

ఆ భవనమునకు పెట్టిన పేరును గూర్చి రెండు మాటలు. వెంగమాంబ పదునెనిమిదవ శతాబ్దమున వాయల్పాటికి సమీపమున నున్న తరిగొండలో జన్మించినది. బాల్యముననే వైధవ్యము ప్రాప్తించినది. ఆ కాలపు ఆచారమును బట్టి తల గొఱిగించుకొనుటకు ఆమె యొప్పుకొనలేదని, అందుచే ఊరివారిచే నానా మాటలు పడినదని చెప్పుదురు. విధవకు పొద్దుటి పూట కడుపునిండ తిండి కూడ పాపముగా చెప్పిన కాలమది. అట్టి స్త్రీ కొండకు చేరి, వేంకటాచల మాహాత్మ్యమును, మఱి పెక్కు గ్రంథములను రచించి, యాత్రికులకు అన్నదానమును జలదానమును చేయించినది. నేటికిని రాత్రి ఏకాంతసేవయందు ఆమె పేర ముత్యాల హారతి యిత్తురు. ఒంటిపూట తిండి తినవలసినదని శాసింపబడిన ఒక స్త్రీ పేర, పంక్తికి నాలుగువేలమంది తిను భోజనశాల వెలసినది. లోపలికి పోవు తొందరలో ఆ పేరును చదువువారెందఱో మాకు తెలియదు. మీరు పోయినపుడు ఒక నిమిషము నిలిచి చదువుడు.

కొండమీద అన్నము పంచుట వెంగమాంబతోనే మొదలైనది కాదు. దేవాలయపు గోడలపైనున్న శాసనములలో పెక్కు వంటయింటి లెక్కలే. ఇన్ని కుంచముల బియ్యము, ఇంత నెయ్యి, ఇన్ని మిరియములు, ఇన్ని అప్పములు, అతిరసములు అని కొలతలు వ్రాయించిరి. అతిరసమనగా మన యరిసెయే. నివేదన యైన ప్రసాదమున నాలుగవ వంతు దానమిచ్చిన వానికి చెందును. అతడు దానిని తాను కోరినవారి కీయవచ్చును. పదునైదవ శతాబ్దమున సాళువ నరసింహరాయల కాలమున స్థాపింపబడిన రామానుజకూటములలో, కందాడై రామానుజ అయ్యంగారి పర్యవేక్షణమున, యాత్రికులకు అన్నము పెట్టెడివారు. లడ్డూ ఖ్యాతి యంతయు నేటిది. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. దానిని చేయు వంటశాలను 'పోటు' అనియు, సరకుల కొలతల పట్టికను 'దిట్టము' అనియు అందురు. లడ్డూను గూర్చి మీకు మేము చెప్పవలసినదేమియు లేదు. ఒక్క లడ్డూను పదునాఱిండ్లకు పంచు విద్య మీకే బాగుగా తెలియును. కాని ఇంత నేతితో, ఇంత జీడిపప్పుతో వంటలు సాగు ఆ గుడిలోనే ప్రతిదినము పగిలిన కొత్త మట్టికుండలో పెరుగన్నము స్వామికి నివేదనమగుచున్నది. కురువనంబి యను కుమ్మరి భక్తుని కథను దానికి కారణముగా చెప్పుదురు.

కొండ దిగిన తరువాత తిరుపతి పట్టణము. ఇది తిరిగి పోవువారి యూరు. అందఱి చేతులలోను సంచులు, అందఱి కన్నులలోను నిద్ర. రైలుస్టేషను సమీపమునను, గోవిందరాజస్వామి గుడి వీథులలోను శాకాహార హోటళ్లు వరుసగా నున్నవి. భీమాస్ అను పేరుగల హోటళ్లు యాత్రికులకు చిరపరిచితములు. ఇక్కడి పొద్దుటి ఫలహారమును వదలుకొనరాదు. మిరియాలు, జీలకఱ్ఱ, నేతిలో వేగిన జీడిపప్పు వేసిన వేడి పొంగలి, ప్రక్కన చిన్న వడ, పలుచని సాంబారు. కోస్తా జిల్లాల నుండి పోయిన మన సోదరీమణులకు ఇక్కడి చట్నీలో కారము చాలదు. తమిళదేశము దగ్గఱ గదా. కాఫీ మాత్రము ఆ సామీప్యము చేతనే మంచిది. ఉత్తరాదివారికి రొట్టెలు కూడ పెక్కుచోట్ల దొరకును. బాలాజీ దర్శనమునకు వచ్చువారిలో వారి సంఖ్య తక్కువ కాదు. హాథీరాంజీ మఠపు మహంతులు 1843 నుండి 1933 వఱకు ఈ దేవస్థానమును నిర్వహించినవారే గదా.

ఈ హోటళ్లలో శుభ్రమున్నది, పిల్లలకు పాలు దొరకును, ఆడువారు ఒంటరిగా పోయినను వింతగా చూచువారు లేరు. ఇంతకంటె ఎక్కువ చెప్పుటకు లేదు. బెంగుళూరులోను, మదరాసులోను దొరకు భోజనమే ఇక్కడను దొరకును. నాలుగు దినములు తిరుపతిలో నుండి, ఆ సీమ తిండి యెట్టిదో తెలియకయే తిరిగివచ్చువారు కోకొల్లలు. లోపము వారిది కాదు. యాత్రికుని కొఱకు వండు ఊరు తన తిండిని యాత్రికునికి చూపుటకు సిగ్గుపడినది.

ఆ తిండి రాగి సంగటి.

సర్కారు జిల్లాలలో చోళ్లు, తెలంగాణమున తైదలు అనబడు ధాన్యమే రాగులు. వానలు చాలని యెఱ్ఱనేలలో, చెఱువులెండిన యేడు కూడ, రాగి ఎంతో కొంత పండును. అందుచే చిత్తూరు దిక్కున వరి పండుగనాటి తిండిగాను, సంగటి నిత్యము తిండిగాను నుండినది. దానిని చేయు విధమిది. కొంచెము బియ్యమునో నూకలనో నీళ్లు ఎక్కువగా పోసి మెత్తగా ఉడికింతురు. ఉడుకుచుండగానే పైన రాగిపిండిని కుప్పగా పోసి, కదపక, మూత వేసి, మంట తగ్గింతురు. పిండి ఆవిరికి మగ్గినపిమ్మట కుండను దించి, సంగటి కట్టెతో ఉండలు కట్టకుండ గెలుకవలెను. ఇక్కడనే యున్నది కష్టమంతయు. పదిమందికి సంగటి గెలుకుటయనగా రెండు భుజములు పడిపోవును. రెండు పాదములతో కుండను అదిమిపట్టి, నడుము వంచి, చెమటలు కాఱ గెలుకు తల్లులను పల్లెలలో చూచినవారికి తెలియును. అంతకు మున్ను తిరగలిలో రాగులు విసరుటయు వారి పనియే. తడిచేతితో గుండ్రముగా ముద్ద చేసి, నడుమ గుంట చేసి, నెయ్యి వేసి పెట్టుదురు. తినువారు దానిని నమలరాదు. చిన్న తునుక త్రుంచి, పులుసులో ముంచి, మ్రింగవలెను. క్రొత్తవారు నమిలి, పండ్లకు అంటుకొనగా ముఖము చిట్లించుట సర్వసాధారణము.

దీనికి జోడు నాటుకోడి పులుసు, శాకాహారులకు ఊరుబిండి. వేయించిన శెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు ఱోటిలో నూఱి, కడపట ఎఱ్ఱగడ్డను కచ్చాపచ్చాగా దంచిన పచ్చడి యిది. పుల్లకూర పప్పును, వంకాయ బజ్జియు దానికి తగియుండును. మిగిలిన సంగటిని మఱునాడు మజ్జిగలో పిసికి, పచ్చి యెఱ్ఱగడ్డ కొఱుకుచు త్రాగి పొలమునకు పోవుదురు.

ఇట్టి తిండి హోటళ్లలోనికి రాకపోవుటకు కారణము రుచి కాదు, పరువు. వరియన్నము తినువాడు గొప్పవాడు, సంగటి తినువాడు మెట్టపల్లెవాడు అను భావము మన దేశమున చిరకాలముగా నున్నది. "సంగటి తిను ఊరికి పిల్లనిచ్చితిమి" యని కన్నవారు చింతించుటయు, అత్తవారింట "మీ యింట వరికూడు ఎఱుగుదురా?" యని కోడలిని దెప్పుటయు కథలలోని మాటలు కావు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినపిమ్మట బీదలకును వరియన్నము అందినది. అది మంచి పనియే; ఆకలి తీర్చినది, తిరగలి చాకిరిని తప్పించినది. కాని దానితోపాటు రాగికుండ అటకెక్కినది. నేడు మధుమేహము వచ్చినపిమ్మట వైద్యుడు "రాగులు తినుడు" అని వ్రాసియిచ్చుచున్నాడు. బియ్యములో కంటె రాగులలో కాల్షియము ఎన్నో రెట్లు అధికమని, అది స్త్రీల యెముకలకు మేలని పత్రికలు వ్రాయుచున్నవి. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఇంత జరిగినపిమ్మట తిరుపతి పట్టణపు హోటళ్లు తమ పలకలపై 'రాగిసంగటి - నాటుకోడి' యని పెద్ద యక్షరములతో వ్రాయించుకొన్నవి.

పట్టణములోని ఒక గొప్ప హోటలులో, దాని పేరు చెప్పము, మేము సంగటి యడిగితిమి. వడ్డించు అబ్బాయి మావైపు చూడక, మాతో వచ్చిన సోదరునివైపు తిరిగి, "ఫ్యామిలీతో వచ్చినారు, సంగటి ఎందుకు సార్? మీల్స్ తీసుకోండి" అనెను. పట్టుబట్టి తెప్పించుకొంటిమి. చిన్న యిత్తడి గిన్నెలో నిమ్మకాయంత ముద్ద వచ్చినది. వెల పూర్ణభోజనపు వెలకు దగ్గఱగా నుండినది. ముద్ద పైన ఒక కొత్తిమీర రెమ్మ. ఆ రెమ్మను చూచిన చిత్తూరు అవ్వ నవ్వియుండును.

మంచి సంగటి కావలెనన్న పట్టణము విడిచి పోవలెను. చిత్తూరు తిరుపతికి సుమారు డెబ్బది కిలోమీటర్లు. చంద్రగిరి, పాకాల, పూతలపట్టు దిక్కుగా పోవు దారిలో రేకుల కప్పుగల చిన్న హోటళ్లు కలవు. మాంసాహారము వండు హోటళ్లను ఈ సీమలో 'మిలిటరీ హోటలు' అనుట వాడుక. ఒకప్పుడు అవి కేవలము పురుషుల స్థలములు. లారీలు తోలువారు, సంతకు పోవువారు తినెడివారు. ఇప్పుడు కుటుంబములు దిగుచున్నవి. మేము రెండుమూడు చోట్ల తింటిమి. బల్లలు గరుకు, చేతులు కడుగుకొను చోటు సామాన్యము. స్త్రీలకు తగిన మఱుగుదొడ్డి కొన్నింట లేదు. ఈ లోపమును మేము చిన్నదిగా ఎంచము. హోటలువారు రుచిని గూర్చి ఎన్ని చెప్పినను, మఱుగుదొడ్డి లేని హోటలు ఆడువారిని రమ్మని పిలిచినట్లు కాదు. అయినను ముద్ద పిడికిలికి మించినది, పులుసు నిప్పువంటిది, వెల చేతికందునది. ఒక చోట వంటశాలలో చూడగా సంగటి గెలుకుచున్నది ఆడుదియే. ఆమె హోటలు యజమానురాలు కూడ. "మా అత్త ఇంటికి గెలికేది, నేను ఊరికి గెలుకుతా ఉండాను. అప్పుడు కూలి లేదు, ఇప్పుడుండాది" యని కట్టె ఆపకయే చెప్పినది. వేసవిలో రోడ్ల ప్రక్కన బండ్లపై రాగి అంబలి అమ్మువారిలోను ఆడువారిని చూచితిమి. ఎండలో పోవువారు సోడాలు మాని ఈ అంబలిని త్రాగుట మేలు. దానిలో కలిపిన మజ్జిగ పులిసినదేమో మాత్రము ముందుగా వాసన చూడవలెను.

వేసవియందే ఈ దారిలో తోతాపురి మామిడికాయలను చీల్చి, ఉప్పు కారము చల్లి యిత్తురు. ఈ జిల్లాలో ఆ కాయ విస్తారము. అందు అధికభాగము గుజ్జు కర్మాగారములకు పోవును. సాయంకాలము చిత్తూరు బజారులలో బొరుగులు, మిరపకాయ బజ్జీలు, అలసంద వడలు దొరకును. అలసంద వడలు వేడిగా నున్నపుడే తినవలెను. చల్లారిన పిమ్మట వాని ప్రతాపము తగ్గును.

ఇన్ని హోటళ్లు తిరిగినను మాకు దొరకని దొకటి కలదు. అది పితికిపప్పు కూర. చలికాలమున అనపకాయలు వచ్చును. గింజలను రాత్రి నానబెట్టి, మఱునాడు ఒక్కొక్క గింజను వ్రేళ్ల నడుమ పితికి, తోలు తీయవలెను. నలుగురికి సరిపడు కూరకు ఇంటిల్లిపాదియు ఒక గంటసేపు కూర్చుండవలెను. ధనియాలు, కొబ్బరి, మసాలా నూఱి వండిన ఆ కూర సంగటికిని, దోసెకును, అన్నమునకును సరిపోవును. ఏ హోటలువాడును దీనికి కూలి గిట్టదని వండడు. కాబట్టి అది నేటికిని ఇంటివంటగానే నిలిచినది. సంకురాత్రికి ముందువెనుకల తిరుపతి పోవువారికి చిత్తూరు, పలమనేరు, మదనపల్లె దిక్కున చుట్టములుండిన యెడల, ముందుగా ఒక ఉత్తరము ముక్క వ్రాసి పోవుడు. వెళ్లినపిమ్మట మీరును వారితో చాపపై గూర్చుండి గింజలు పితుకవలసి వచ్చును. మీ వెంట వచ్చిన మగవారిని కూడ కూర్చుండబెట్టుడు.